పెండింగు ప్రాజెక్టులపై శ్వేతపత్రం

మొన్న ఆదివారం మా బావగారు ఇంటికొచ్చి, దివాన్ కాట్ మీద కూర్చుని, పక్కనున్న ఊలు సంచిలోంచి పదో నంబరు అల్లిక సూది ఒకటి లాగి వీపు గోక్కున్నారు.

“అయితే ఏమిటట?” అనుకున్నవాళ్ళు ఇక్కడితో ఆపేసి రాశిఫలాలు చదువుకోవచ్చు. “అయ్యో, సూదికి కుట్లున్నాయేమో!” అని గుండె గుభేలుమన్నవాళ్ళు మాత్రం ఉండండి. మీరు నావాళ్ళు. ఉన్నాయమ్మా. నూట పన్నెండున్నాయి.

గోక్కోవడం అయ్యాక ఆయన ఆ స్వెట్టర్ ముక్కని, చచ్చిన ఎలకని తోక పట్టుకుని ఎత్తినట్టు, రెండు వేళ్ళతో పైకెత్తి ఊపి చూశారు. ఊపకపోయినా బాగుండేది. సూది లాగేసినా కదపకుండా వదిలేస్తే కుట్లు నోళ్ళు తెరుచుకుని కాసేపు అలాగే నిలబడతాయి. ఊపితే మాత్రం ఒక్కొక్కటే కింది వరసలోకి, అక్కణ్ణుంచి ఆ కిందికి, మేడమెట్ల మీంచి గోళీలు దొర్లినట్టు దిగిపోతాయి. దిగిపోతుండగా ఆయన అన్నారూ, “ఎన్నాళ్ళయిందమ్మా ఇది మొదలెట్టి? సంచిలో ఇంకో నాలుగున్నట్టున్నాయే! ఒకటి పూర్తిచేసి ఇంకోటి మొదలెట్టొచ్చుగా? ఆంధ్రులు ఆరంభశూరులని ఊరికే అన్నారా!”

బావగారు ఇరిగేషన్లో డిప్యూటీ ఇంజనీరుగా రిటైరయ్యారు.

ఈ సంగతి కావాలనే విడిగా రాశాను. కాస్త మంచినీళ్ళు తాగి మళ్ళీ చదవండి. పోలవరానికి ముఖ్యమంత్రి అంజయ్యగారు పునాదిరాయి వేసింది 1981లో. అప్పటికి నేను గౌన్లు వేసుకునే పిల్లని. ఇప్పుడు నాకు చత్వారం వచ్చింది, పోలవరం ఇంకా వస్తూనే ఉంది. అమరావతికి 2015 అక్టోబరు 22న, విజయదశమినాడు ప్రధానమంత్రిగారు శంకుస్థాపన చేశారు. 2025 మే 2న అదే ప్రధానమంత్రిగారు మళ్ళీ వచ్చి అవే పనుల్ని పునఃప్రారంభించారు. పునఃప్రారంభం మా అల్లికల్లోనూ ఉంది. మేం దాన్ని విప్పి అల్లడం అంటాం. జెండాలు కట్టం, బస్సుల్లో జనాన్ని తోలం.

అంత దూరం ఎందుకు, బావగారి డాబా మీదికి వెళ్దాం రండి. రెండో అంతస్తు కోసమని పద్నాలుగేళ్ళ కిందట వదిలిన పిల్లరు ఊచలు ఆకాశానికి దణ్ణం పెడుతూ నిలబడి ఉంటాయి. తుప్పు పట్టకుండా ఏటేటా వాటికి సిమెంటు పాలు పూయిస్తారు. మా తోటికోడలు వాటికి తాడు కట్టి బట్టలారేస్తుంది. మొత్తం ప్రాజెక్టులో ఇప్పటిదాకా ప్రజలకి అందిన ప్రయోజనం అదొక్కటే. నేనెన్నడైనా ఆ ఇంటికెళ్ళి ఓ ఊచ పీక్కుని వీపు గోక్కున్నానా?

ప్రభుత్వం మారగానే శ్వేతపత్రం విడుదల చెయ్యడం మన దగ్గర ఆనవాయితీ. మా ఇంట్లో ప్రభుత్వం మారే సూచనలు కనపడటం లేదు కాబట్టి ఉన్న ప్రభుత్వం హోదాలో నేనే విడుదల చేస్తున్నాను.

నేటికి ఈ ఇంట్లో చేపట్టిన అల్లిక ప్రాజెక్టులు పదకొండు. పూర్తయినవి లేవు. దివాన్ కాట్ పెట్టెలోనూ, చీరల షాపు సంచుల్లోనూ, పాత కుక్కరు అట్టపెట్టెలోనూ ఇవి వివిధ దశల్లో ఉన్నాయి. వీటన్నిటిలోకీ సీనియరు, మా ఆడపడుచు కూతురి శ్రీమంతంనాడు మొదలెట్టిన పసిపాప స్వెట్టరు. గడువు మూడు నెలలన్నాం. పిల్లాడు పుట్టాడు. బోర్లా పడ్డాడు. అన్నప్రాసనలో నగా నట్రా వదిలేసి కత్తి పట్టుకున్నాడు. రెండుసార్లు అంచనాలు సవరించి కొలతలు పెంచాం. వాడు అంతకన్నా వేగంగా పెరిగాడు. ఇప్పుడు వాడు యూకేజీ, స్వెట్టరు వాడి ఎలుగుబంటి బొమ్మకి అతికినట్టు సరిపోతుంది. అయితే వాడికి తమ్ముడో చెల్లెలో రాబోతున్నట్టు మొన్ననే కబురొచ్చింది కనక ఈ ప్రాజెక్టుకి కొత్త లబ్ధిదారు దొరికినట్టే. ఆలస్యం అమృతం విషం అంటారు గానీ, ఓపిక పడితే ప్రతి స్వెట్టరుకీ ఎవరో ఒకరు పుడతారు.

మావారి మెరూన్ స్వెట్టరుది వేరే కథ. ఒళ్ళంతా అయింది, కుడిచెయ్యి అయింది, ఎడమచెయ్యి దగ్గర ఊలు అయిపోయింది. అదే షాపు, అదే కంపెనీ, అదే నంబరు తెచ్చాను. లాట్ మాత్రం వేరు. అద్దకం లాట్ మారితే రంగు ఒక పిసరు మారుతుంది. షాపులో ట్యూబులైటు కింద తెలీదు. ఇంటికి తెచ్చి ఎండలో పెడితే కుడిచెయ్యి మెరూన్, ఎడమచెయ్యి బీట్‌రూటు. ఈ రెండు చేతుల పంచాయితీ అంతర్రాష్ట్ర జలవివాదం స్థాయికి చేరింది, ట్రిబ్యునల్ ఇంకా తీర్పివ్వలేదు. దుప్పటికి నూట ఇరవై చదరాలు కావాల్సి ఉండగా నలభై ఆరయ్యాయి. మేజోడు ఒకటుంది, జోడు లేదు. మిగతావి అనుబంధంలో చూసుకోండి. అనుబంధం ఇంకా రాయలేదు.

ఇన్నెందుకు మొదలెట్టావంటే సూదుల సంగతి చెప్పాలి. మన దగ్గర దొరికే సూదులకి నంబరు పెరిగేకొద్దీ లావు తగ్గుతుంది. ఎనిమిదో నంబరు నాలుగు మిల్లీమీటర్లు, పదో నంబరు మూడుంబావు, పన్నెండు ఇంకా సన్నం. ఉన్న ఒక్క పదో నంబరు జతా బీట్‌రూటు వివాదంలో ఇరుక్కుపోతే ఇంకో జత కొనక తప్పదా? కొన్న జతని ఉత్తినే ఉంచితే పాపం కదా? పని చెప్తే ఊలు కావాలి కదా? ఊలు కొంటే ఎప్పుడూ కొంచెం మిగులుతుంది కదా? ఆ మిగిలిందానికి... సరే, మీకు అర్థమైంది. ఒక్క జత సూదుల నుంచి పదకొండు ప్రాజెక్టులు రావడం వెనక ఇంత తర్కం ఉంది. జలయజ్ఞం వెనక ఇందులో సగమైనా ఉందో లేదో బావగారు చెప్పాలి.

బళ్ళో అందరం బట్టీ పట్టిన పద్యం ప్రకారం, ఆటంకాలొస్తాయని భయపడి అసలు మొదలే పెట్టనివాళ్ళు నీచులు, మొదలెట్టి మధ్యలో వదిలేసేవాళ్ళు మధ్యములు. నేను ఏదీ వదిలెయ్యలేదు, పక్కన పెట్టానంతే. కాబట్టి నేను ఏ కోవలోకి వస్తానో వ్యాకరణం తెలిసినవాళ్ళు తేల్చండి. బావగారు తన జన్మలో ఒక్క వరసా అల్లలేదు కనక ఆయన ఏ కోవో తేల్చడానికి వ్యాకరణం అక్కర్లేదు.

నిజానికి నాలుగైదు సంచులు ఒకేసారి నడపడంలో ఉన్న సుఖం అల్లేవాళ్ళకి తెలుసు. రైల్లో తలొంచుకుని సీదా, ఉల్టా అల్లుకుంటూ పోయేది ఒకటి. సీరియల్ చూస్తూ చేసేది ఇంకోటి, అందులో అత్తగారు విషం కలిపే సీనొచ్చినా చెయ్యి తప్పదు. అందరూ పడుకున్నాక, ఇల్లు సద్దుమణిగాక, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకునే ఆకు డిజైను ఒకటి. మే నెల ఉక్కలో దుప్పటి ఒళ్ళో పెట్టుకుంటే తొడలు ఉడికిపోతాయి కాబట్టి అప్పుడు మేజోడు. మణికట్టు నొప్పెడితే లావు సూదుల పని. కందిలో పెసర అంతరపంట వేసిన రైతుని “ఏమయ్యా, కంది కోశాక పెసర వెయ్యొచ్చుగా” అని ఎవరన్నా అడుగుతారా?

తిప్పలూ ఉన్నాయి, దాచను. నాలుగు నెలలయ్యాక సంచి తెరిస్తే ఏ వరసలో ఆపానో తెలీదు. గుర్తుకోసం పెట్టిన చీటీ మీద “7, మళ్ళీ 3, ఇక్కడ జాగ్రత్త” అని నా దస్తూరీయే ఉంటుంది. ఎక్కడ జాగ్రత్త? దేనికి జాగ్రత్త? పైగా చేతి బిగువు మారిపోతుంది. మా అత్తగారితో మాట పట్టింపు వచ్చిన వారం అల్లిన వరసలు బిగుసుకుపోయి అట్టలా ఉంటాయి, ఆవిడ చిన్నకూతురి ఇంటికెళ్ళిన వారానివి గాలాడుతూ ఉంటాయి. ఒకే స్వెట్టరు నడుం దగ్గర ముప్ఫై ఆరు, ఛాతీ దగ్గర నలభై. చదవడం వచ్చినవాళ్ళకి అది మా ఇంటి చరిత్ర.

ఒక్క మాట అడుగుతాను. రోజూ పొద్దున్న మా పొయ్యి మీద ఒక బర్నరు మీద పప్పు, ఒకదాని మీద చారు, ఇంకోదాని మీద పాలు, పక్కన మిక్సీలో పచ్చడి, చేతిలో టిఫిను డబ్బా, చెవి దగ్గర ఫోనులో ఇదే బావగారు. ఆయనెప్పుడూ “ఒకటి దించాక ఇంకోటి పెట్టొచ్చుగా అమ్మా” అనలేదు. అనరు. ఎందుకంటే అవన్నీ పన్నెండింటికల్లా ఆయన కంచంలోకి వస్తాయి. అదే పని ఆఫీసులో మగవాడు చేస్తే మల్టీటాస్కింగ్ అని జీతం పెంచుతారు. నేను నాకోసం చేసుకునేదానికి మాత్రం ఆరంభశూరత్వం అని పేరు.

మళ్ళీ ఆదివారానికి వద్దాం. కళ్ళజోడు పెట్టుకుని, నేల మీద దుప్పటి పరిచి, ఫ్యాను ఆపి, సన్నటి క్రోషే సూదితో జారిన కుట్లని ఒక్కొక్కటే పైకి లాగడం మొదలుపెట్టాను. వరసకి పద్నాలుగు ఆకులు, ఆకుకి ఎనిమిది కుట్లు. ఆకు డిజైనులో కావాలని వదిలిన కన్నాలుంటాయి కదా, జారిన కుట్టుకీ వదిలిన కన్నానికీ తేడా దేవుడికే తెలియాలి. ఫ్యాను ఆపినందుకు బావగారు విసనకర్ర అడిగారు. లేదన్నాను. సంచిలోంచి అట్టముక్క తీసి విసురుకున్నారు. అది నా దుప్పటి చదరం కొలత అట్ట. లెక్కిస్తే నూట తొమ్మిదే వచ్చాయి. మళ్ళీ లెక్కిస్తే నూట ఎనిమిది. మూడోసారి నూట మూడు దగ్గరున్నప్పుడు ఆయన ఫోను నా మొహం ముందు పెట్టి, “చూడమ్మా, ఇలాంటిదే ఆన్‌లైన్లో మూడొందల నలభై తొమ్మిది. ఇంత కళ్ళు పొడుచుకోవడం దేనికి?” అన్నారు.

చలికాలం రాగానే రోడ్డు పక్కన టిబెటన్లు పెట్టే దుకాణాల దగ్గర కూడా, వాళ్ళని నేపాలీవాళ్ళని పిలుస్తూ, మనం ఇలాగే బేరమాడతాం. ఆ సరుకు ఎక్కువగా లూధియానా మిషన్ల మీద అల్లింది, అక్కడ బేరమాడితే ఆడారు. కానీ చేత్తో అల్లినదాన్ని చూపించి మూడొందల నలభై తొమ్మిది అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతుందో చెప్తాను, ఇక్కడ వెటకారం లేదు.

మా అమ్మమ్మ ఊరు నరసాపురం పక్కన. 19వ శతాబ్దంలో మిషనరీలు వచ్చి నేర్పిన లేసు అక్కడ ఇంటింటి పని అయింది. మధ్యాహ్నం అంట్లు తోముకున్నాక అమ్మమ్మ అరుగు మీద కూర్చుని, ఎడమ చూపుడువేలికి దారం చుట్టుకుని అల్లేది. ఏజెంటు దారం తూకం వేసి ఇచ్చేవాడు, లేసు తూకం వేసి పుచ్చుకునేవాడు, తేడా వస్తే కోసుకునేవాడు. పువ్వులు అల్లేది ఒకరు, అతుకు పని ఇంకొకరిది, ఓడెక్కించి సొమ్ము చేసుకునేది మరొకరు. అమ్మమ్మ అల్లిన బల్లగుడ్డ ఏ దేశంలో ఏ బల్ల మీద పరిచారో ఆవిడకి తెలీదు. మా ఇంట్లో బల్లే లేదు. “ఏం చేస్తుంటారండీ?” అని ఎవరన్నా అడిగితే ఒళ్ళో లేసు పెట్టుకునే “ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటా” అనేది. చేతిలో సూది ఆడుతుండగానే అనేది! కాయితాల్లోనూ అదే రాసుకున్నారు. తీరిక వేళ పని అన్నారు. ఏ తీరిక? ఎవరికి తీరిక? తీరిక అని పేరు పెడితే డజనుకి పైసలు లెక్కన ఇవ్వచ్చు, అదీ తీరిక. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషం. ఇప్పుడు అల్లే మనిషిని అడగండి, ఒక పువ్వుకి చేతికెంత ముడుతోందో.

నా పదకొండూ పెండింగులో ఉన్నాయంటే అది నాకు దక్కిన భోగం. అమ్మమ్మకి పెండింగు లేదు, శనివారం ఏజెంటు వచ్చేవాడు. కంటి కింద దీపం పెట్టుకుని అయినా అయిపోవాల్సిందే. ఆవిడ వేలికి దారం కోసిన గీత ఉండేది, పసుపు రాసినా మానేది కాదు. ఆ వేలికి మీరు మూడొందల నలభై తొమ్మిది చూపిస్తారా బావగారూ?

ఇదంతా ఆయనతో అనలేదు. అల్లుతూ అన్నాను. అందుకే కావచ్చు, కొత్తగా ఎక్కించిన వరస అట్టలా వచ్చింది. నూట పన్నెండూ దొరికాయి, చివరి మూడూ ఒకే ఆకులో ముడుచుకుని కూర్చున్నాయి. తీరా చూస్తే జతలో రెండో సూది లేదు. దివాన్ కింద వెతికాను. సోఫా మడతల్లో చెయ్యి పెట్టాను, ఒక రూపాయి బిళ్ళా మూడు వేరుశెనగ పొట్టులూ దొరికాయి. ఆ పూటకి కుట్లన్నీ మా అబ్బాయి పాత పైజమా నాడాకి ఎక్కించి పడుకున్నాను.

నిన్న ఫోనులో తోటికోడలు చెప్పింది. సూదిని బావగారు జేబులో పెట్టుకుని వెళ్ళారట, వీపుకి బాగుందని. ఇప్పుడు దాంతో బాత్రూం జాలీలో అడ్డుపడ్డ వెంట్రుకలు తీస్తున్నారట. “కడిగి పంపించనా?” అనడిగింది పాపం.

“వద్దక్కా, ఉంచండి. స్లాబు వేసేనాటికి పనికొస్తుంది” అన్నాను.

సాయంత్రం షాపుకెళ్ళి కొత్త జత తెచ్చాను. పదో నంబరే. పక్కనే తేనె రంగు ఊలు కనపడింది. రెండు ఉండలే తీసుకున్నాను.