బిందె నల్లగా ఎందుకుంది అని అడిగిన పాపానికి

మా మేనల్లుడు ఒక నేరం చేశాడు. కంప్యూటర్లో త్రీడీ బొమ్మలు చెయ్యడం నేర్చుకునేవాడు కలలో కూడా చెయ్యకూడని నేరం. డౌటు అడిగాడు.

వాడిది హన్మకొండ, డిగ్రీ సెకండియర్. ఉన్నది నాలుగు జీబీ ర్యామ్ పాత ల్యాప్‌టాప్, బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి ఛార్జర్ వైరు కాస్త కదిలితే చాలు మొత్తం ఆరిపోతుంది, అలాంటి దాంట్లో బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ వేసుకుని రెండు నెలలు కూర్చుని మా అమ్మ ఇత్తడి బిందె చేశాడు. పెళ్ళప్పుడు పుట్టింటోళ్ళు పెట్టిన పెంబర్తి బిందె అది. మెడ చుట్టూ గీతలు, నడుం దగ్గర చిన్నప్పుడు నేను పడేస్తే పడ్డ సొట్ట, పైన మా అమ్మ పేరు, గిన్నెల మీద కొట్టిస్తారు చూడండి చుక్కలు చుక్కలుగా, అచ్చం అలాగే. అన్నీ చేశాడు. ఒక్కటే తిరకాసు. రెండర్ కొడితే, అంటే కంప్యూటర్ చేత చివరి బొమ్మ గీయిస్తే, బిందె నల్లగా వస్తోంది. మామూలు నలుపు కాదు, బొగ్గు.

"మామా, ఇత్తడి నల్లగా ఎందుకొస్తుంది?" అన్నాడు ఫోన్లో. పద, పెద్దవాళ్ళ దగ్గరికి తీసుకెళ్తా అన్నాను. తప్పంతా నాదే.

పెద్దవాళ్ళంటే ఎవరో మీకు తెలుసు, మీ ఊళ్ళోనూ ఉంటారు. ఆదివారం పొద్దున అమీర్‌పేటలో ఒక చాయ్ హోటల్లో కూడతారు, ఒకాయన గేమ్స్, ఒకాయన సినిమా గ్రాఫిక్స్, ఒకాయన ఇంటీరియర్స్, మిగతా ఇద్దరు ఏం చేస్తారో ఎవరికీ తెలీదు గానీ అందరికంటే ఎక్కువ మాట్లాడేది వాళ్ళే. హోటలాయన మంచోడు, కౌంటర్ పక్కన ఐస్‌క్రీమ్ డబ్బా ప్లగ్గు పీకి మా ఛార్జర్ పెట్టుకోమన్నాడు, "కరిగేలోపు తేల్చుకోండి సార్" అన్నాడు. ఆ రోజు మొత్తంలో మాకు పనికొచ్చిన సాయం అదొక్కటే, ముందే చెప్పేస్తున్నా.

వాడు స్క్రీన్ తిప్పి "సార్, ఇత్తడి నల్లగా..." అనేలోపే మొదటాయన చెయ్యెత్తాడు. "వైర్‌ఫ్రేమ్ చూపించు."

చూపించాడు. వైర్‌ఫ్రేమ్ అంటే బొమ్మ రంగులన్నీ తీసేస్తే మిగిలే గీతల వల. ఐదు తలలు స్క్రీన్ మీదికి వంగాయి. ఆపరేషన్ థియేటర్ బయట చుట్టాలు నిలబడతారే, ఆ నిశ్శబ్దం. చాయ్ చల్లారింది. మొదటాయన వేలు బిందె అడుగు దాకా వెళ్ళి ఆగింది. గొంతు తగ్గించాడు, పక్క టేబుల్లో ఆడవాళ్ళున్నారని కాబోలు.

"ఎన్-గాన్."

"ఎక్కడా?" అన్నాడు రెండో ఆయన గుండె మీద చెయ్యేసుకుని. "అమ్మ పేరు దగ్గర కూడా ఉన్నాయి. బోలెడున్నాయి," అన్నాడు మొదటాయన. అందరూ మా వాడి వైపు తిరిగారు. "బూలియన్ వాడావా?" అన్నాడు మొదటాయన. ఇంటికొచ్చిన కొడుకుని నాన్న "తాగావా?" అని అడుగుతాడే, సరిగ్గా అదే గొంతు. మా వాడు తల దించుకున్నాడు. వాడాడు. రెండు నెలల క్రితం దాకా బుద్ధిగా ఉన్న పిల్లాడు, బూలియన్ వాడాడు.

తెలీనివాళ్ళ కోసం రెండు ముక్కలు. త్రీడీలో వస్తువంటే చిన్న చిన్న పలకలు అతికించిన బొమ్మ. నాలుగు అంచుల పలకని క్వాడ్ అంటారు, అది సవర్ణం. నాలుగు దాటితే ఎన్-గాన్, దాన్ని ఊరి బయట పెడతారు. ఒక వస్తువులోంచి ఇంకో వస్తువు ఆకారంలో ముక్క కోసేస్తే అది బూలియన్, చుక్కల అక్షరాలు చెక్కడానికి సులువైన దారి, కాకపోతే కోసిన చోటల్లా ఎన్-గాన్లు పుడతాయి. ఈ పట్టింపుకి కారణం లేకపోలేదు, మొహం నవ్వాలన్నా మోచెయ్యి వంగాలన్నా పలకలు వరసగా ఉండాలి, లేకపోతే చర్మం ముడతలు పడి పాడవుతుంది. నిజమే. ఒప్పుకుంటాను. కానీ అయ్యా, అది బిందె. నవ్వదు. మోచెయ్యి లేదు. పైగా 1978లో క్యాట్‌మల్, క్లార్క్ అని ఇద్దరు ఒక పద్ధతి కనిపెట్టారు, సబ్‌డివిజన్ అని రోజూ వాడేది అదే, దాన్ని ఒక్కసారి నొక్కితే ఎన్ని అంచుల పలకైనా క్వాడ్లుగా చీలిపోతుంది. ఆ మీదట గ్రాఫిక్స్ కార్డు అన్నిటినీ ముక్కోణాలు చేసుకునే గీస్తుంది. దానికి కులం పట్టింపు లేదు.

"మరి నల్లగా ఎందుకుంది సార్?" అన్నాడు మా వాడు.

రెండో ఆయన నవ్వాడు, జాలిగా. "బ్లెండర్ ఎందుకు తమ్ముడూ, మాయా నేర్చుకో. ఇండస్ట్రీ స్టాండర్డ్." మాయా అంటే అదే పని చేసే ఇంకో సాఫ్ట్‌వేర్. ఇక అక్కణ్ణుంచి అరగంట మాయా గొప్పా బ్లెండర్ గొప్పా అని, నిలువు బొట్టు అడ్డబొట్టు తగువు. వీళ్ళకి ఇది కొత్తేం కాదు, బ్లెండర్లో 2019 జులైలో 2.80 వచ్చేదాకా వస్తువుని సెలెక్ట్ చెయ్యాలంటే మామూలుగా రైట్ క్లిక్ కొట్టాలి, దాన్ని లెఫ్ట్‌కి మార్చినందుకు ఇప్పటికీ మొహమొహాలు చూసుకోనివాళ్ళు నాకు తెలుసు. మూడో ఆయన "4090 గ్రాఫిక్స్ కార్డు కొను" అన్నాడు. ఆ కార్డు లక్షన్నర పైమాట, మా వాడి ల్యాప్‌టాప్‌లో దాన్ని పెట్టే చోటు కూడా లేదు, పెట్టాలంటే ల్యాప్‌టాప్‌నే తీసుకెళ్ళి కార్డులో పెట్టాలి. నాలుగో ఆయన "శాంపిల్స్ 4096 పెట్టు" అన్నాడు. శాంపిల్స్ అంటే బొమ్మలో ఒక్కో చుక్కకి వెలుతురు లెక్క ఎన్నిసార్లు వెయ్యాలో అది. రెండర్లో గరుకు, అంటే ఇసక చల్లినట్టు కనిపించేది, సగం తగ్గాలంటే శాంపిల్స్ నాలుగింతలు చెయ్యాలి, అది లెక్క. ఇక్కడ గరుకేం లేదు, నున్నటి నలుపు. దానికి 4096 శాంపిల్స్ పెడితే వచ్చేది నాలుగువేల తొంభై ఆరు సార్లు రూఢి చేసుకున్న నలుపు. ఐదో ఆయన మాత్రం ఏమీ చూడలేదు, బిస్కెట్ ముంచుకుంటూ, "ఫండమెంటల్స్ మీద దృష్టి పెట్టు" అన్నాడు. ఈయన జీవితంలో ఇంకో వాక్యం అని ఎరగడు.

ఐస్‌క్రీమ్ కరిగింది. తేలలేదు.

నాకప్పుడు ఆ టీపాట్ గుర్తొచ్చింది. 1975లో యూటా యూనివర్సిటీలో మార్టిన్ న్యూవెల్ అనే ఆయన, కంప్యూటర్లో గీసి చూడ్డానికి వంపులున్న వస్తువు ఏదైనా కావాలని వెతుకుతుంటే, ఇంట్లో టీ తాగేటప్పుడు వాళ్ళావిడ మన టీ సెట్టే చెయ్యొచ్చుగా అందట. చేశాడు. ప్రపంచంలో త్రీడీ నేర్చుకున్న ప్రతివాడూ ఎక్కడో ఒకచోట ఆ టీపాట్ చూసే ఉంటాడు, అసలుది కాలిఫోర్నియాలో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో పెట్టారు, అది మనవాళ్ళకి గ్రామదేవత లాంటిది.

ఊహించుకోండి, ఆ పూట మన ఐదుగురూ యూటాలో దిగారు. తలుపు తట్టారు. ఆయన కాగితం మీద గీసుకుంటున్నాడు పాపం. మొదటాయన చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చి టీపాట్ తిరగేశాడు. "దీనికి అడుగెక్కడ బాబూ?" నిజంగానే లేదు! న్యూవెల్ మొదట చేసిన లెక్కలో టీపాట్‌కి అడుగు లేదు, తర్వాత ఎవరో అతికించారు. "అడుగు లేకుండా టీపాటా? మానిఫోల్డ్ కాదు ఇది, చిల్లుంది, త్రీడీ ప్రింట్‌కి పోదు," అంటాడు మొదటాయన, త్రీడీ ప్రింటర్ పుట్టడానికి ఇంకా ఏళ్ళున్నా సరే. "పైగా పొట్టిగా ఉందేంటి? స్కేల్ అప్లై చేశావా?" అదీ నిజమే, మ్యూజియంలో ఉన్న అసలుది కాస్త పొడుగు, కంప్యూటర్లోది దానికంటే పొట్టిది, యాభై ఏళ్ళుగా లోకమంతా ఆ అణిగిపోయిన టీపాట్‌నే వాడుకుంటోంది. మూడో ఆయన "నీ దగ్గర ఏ కార్డుంది?" అంటాడు. రెండో ఆయన "మాయా నేర్చుకో" అంటాడు, మాయా వచ్చింది 1998లో కదండీ అంటే "అప్పటిదాకా ఆగు, తొందరేంటి" అంటాడు. ఐదో ఆయన వాళ్ళింట్లో బిస్కెట్లు కూడా అవగొట్టి, ఫండమెంటల్స్ మీద దృష్టి పెట్టమని చెప్పి లేస్తాడు. న్యూవెల్ గారు కాగితం చింపేసి, అప్పు చేసి ఏ కిరాణా కొట్టో పెట్టుకునేవాడు. మనకి ఈ గొడవే లేకపోవును.

సరే, బిందె ఎందుకు నల్లగా ఉందో చెప్తా వినండి, రెండు నిమిషాలు కూడా పట్టదు. లోహానికి చూపించుకోడానికి తనదంటూ పెద్దగా ఏం ఉండదు, చుట్టూ ఉన్నదాన్నే తన రంగులో ముంచి మనకి తిరిగిస్తుంది. ఇత్తడి బిందె పెరట్లో మెరుస్తోందంటే అందులో ఆకాశం ఉంది, గోడ ఉంది, చీర ఆరేసిన తీగ ఉంది. మా వాడు సినిమా లుక్ వస్తుందని చుట్టూ లోకాన్ని కటిక నలుపు చేసి ఎక్కడో ఒక మూల చిన్న లైటు పెట్టాడు. బిందె నిజాయితీగా ఆ నలుపునే చూపించింది. బిందె తప్పేం లేదు. బ్లెండర్లో వరల్డ్ అనే సెట్టింగ్‌లో ఒక హెచ్‌డీఆర్ఐ పెడితే, అంటే చుట్టూ నాలుగు దిక్కులా తీసిన ఫోటో ఒకటి తగిలిస్తే, అయిపోయింది. పాలీ హేవెన్ అనే వెబ్‌సైట్‌లో పైసా తీసుకోకుండా ఇస్తారు, కనీసం పేరు కూడా చెప్పుకోమనరు.

ఆ ఐదుగురికీ ఇది తెలీదా? తెలుసు! అదే కదా నా కడుపుమంట. తెలిసీ చెప్పరు. "ముందు ఇది నేర్చుకో, అది మార్చుకో, నేను నేర్చుకున్నప్పుడు నాకెవడు చెప్పాడు" అంటారు. నీకెవడూ చెప్పలేదా? నువ్వు పొద్దున లేచి తెరిచే ఆ బ్లెండర్ ఎక్కణ్ణుంచొచ్చింది మరి? దాన్ని నడిపే కంపెనీ 2002లో మూతపడితే, టోన్ రోసెండాల్ అనే ఆయన లక్ష యూరోలిస్తే సోర్స్ కోడ్ విడిపించి అందరికీ ఇచ్చేస్తానని జోలె పడితే, ఏడు వారాల్లో జనం ఇచ్చేశారు, ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు. ఆ అక్టోబర్లోనే అందరిదీ అయిపోయింది. ఎవడి వైర్‌ఫ్రేమ్ అడిగారు వాళ్ళు? నీ వైర్‌ఫ్రేమ్ చూసిచ్చారా నీకు? ముష్టి ఒక్క లైను, "చుట్టూ ఏమీ లేదు బాబూ, అందుకే నలుపు" అనడానికి నీ ఆస్తులు కరిగిపోతాయా?

ఆ ఐదుగురి కోపం అసలు ఎవరి మీదో కూడా నాకు తెలుసు. రిథమ్ అండ్ హ్యూస్ అని పేరున్న స్టూడియో, హైదరాబాద్‌లో కూడా ఉండేది, పడవలో పులి ఉన్న సినిమా, లైఫ్ ఆఫ్ పై, దానికి వాళ్ళే గ్రాఫిక్స్. 2013 ఫిబ్రవరిలో దివాలా తీసింది, అదే నెలలో ఆ పులికి ఆస్కార్ వచ్చింది, తీసుకున్నాయన స్టేజీ మీద ఆ సంగతి ఎత్తబోతే మ్యూజిక్ వేసి మైకు కట్ చేశారు. వందల మంది ఉద్యోగాలు పోయాయి. ఆ పులి మీద ఒక్క ఎన్-గాన్ చూపించండి చూద్దాం! పనితనం చూసి ఎవడూ ఎవణ్ణీ ఆదుకోలేదు. రాత్రంతా కూర్చోబెట్టి ప్యాషన్ ఉండాలి అంటాడు ఒకడు, మూడు నెలల బాకీ పెట్టి ఫోనెత్తడు ఇంకొకడు, వాళ్ళ ముందు నోరు లేవదు. ఆదివారం వచ్చి హన్మకొండ పిల్లాడి ముందు లేస్తుంది. అత్త మీద కోపం దుత్త మీద అని ఊరికే అన్నారా. ఈసారి దుత్త దొరకలేదు, బిందె దొరికింది.

మీకో డౌటు వచ్చే ఉంటుంది, ఇంత తెలిసిన నేను అక్కడే ఎందుకు చెప్పలేదూ అని. భయం అండీ. నాది ఇంటీరియర్స్ పని, నేను చేసిన సోఫాల వైర్‌ఫ్రేమ్ చూస్తే మొదటాయన అక్కడే పోతాడు. నోరు తెరిస్తే "ఏదీ, నీది చూపించు" అంటాడని బిస్కెట్ నోట్లో కుక్కుకుని కూర్చున్నా. దార్లో చెప్దామనుకున్నా, మెట్రోలో ఛార్జర్ పెట్టే దిక్కు లేదు, వాడేమో కిటికీ వైపు తిరిగి మాట్లాడ్డం మానేశాడు. సర్లే, ఇంటికెళ్ళాక ఫోన్ చేద్దాంలే అనుకున్నా, చెయ్యలేదు, బిల్డర్ ఒకడు కిచెన్ రంగు పదకొండోసారి మార్చమన్నాడు.

నాలుగు రోజులకి వాడే చేశాడు. గొంతులో హుషారు. "మామా, మొత్తం మళ్ళీ చేసిన. అన్నీ క్వాడ్సే. ఒక్క ఎన్-గాన్ లేదు తెలుసా."

"అక్షరాలో?"

"తీసేసిన. అవుంటే క్వాడ్స్ రావట్లే. సొట్ట కూడా తీసేసిన, షేడింగ్ పాడైతుంది అన్నడు కదా ఆ సార్."

"మరి రెండర్?"

కాసేపు ఏం మాట్లాడలేదు. "నల్లగనే ఉంది మామా."

వెనకాల మా అమ్మ గొంతు వినిపించింది, ఏందిరా అది, ఇటు చూపియ్యి అని. వాడు ల్యాప్‌టాప్ తిప్పినట్టున్నాడు, వైరు జాగ్రత్త అమ్మమ్మా అంటున్నాడు.

"గిది నా బిందె అంటవేంది? నా పేరేది? మీ మామ వడేసిన సొట్టేది?" అంది. తర్వాత దగ్గరికి వంగి చూసినట్టుంది. "గింత నల్లగైందేంది బిడ్డా. చింతపండు వెట్టి తోము, మెరుస్తది."