మెంటార్ ఫారాలు నింపడానికి రెండు రంగుల పెన్నులు కావాలట

ఇప్పుడే షట్టర్ దించి ఇంటికొచ్చాను. ఇది రాసేస్తే గానీ ముద్ద దిగేలా లేదు.

నా షాపు సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు. విజయవాడ బందరు రోడ్డు మీద జిరాక్స్, స్పైరల్ బైండింగ్, డ్రాయింగ్ షీట్లు, రికార్డు పుస్తకాలు. చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలే నాకు బేరం. సాయంత్రం ఓ కుర్ర సారు ఇద్దరు ఫస్టియర్ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఏ కాలేజీ అని అడగొద్దు, చెప్పను. చేతిలో ఒక్కటే కాగితం, పైన మెంటార్ కౌన్సెలింగ్ రికార్డు అని ఉంది. మెంటార్ అంటే కొంతమంది పిల్లల మంచీచెడూ చూడాల్సిన సారు. కింద గళ్లు. తేదీ, విద్యార్థి చెప్పిన సమస్య, మెంటార్ ఇచ్చిన సలహా, ఇద్దరి సంతకాలు. కట్టలు కట్టలు కాపీలు కావాలి, అదీ అర్జంటుగా. వచ్చేవారం నాక్ తనిఖీ ఉంది కదా మరి, కాలేజీలకు గ్రేడు ఇచ్చేది వాళ్లే.

నేను తీస్తూనే ఉన్నాను, ఆయన పిల్లలకు పాఠం చెబుతున్నాడు. "మొత్తం ఒకే పెన్నుతో రాయకండి, ఒకే రోజు రాసినట్టు తెలిసిపోతుంది. బ్లూ కొన్ని, బ్లాక్ కొన్ని. ఆగస్టు నుంచి తేదీలు వేసుకుంటూ రండి. ఆదివారాలు పడకుండా చూసుకోండి." అందులో ఒక పిల్లాడు అమాయకంగా అడిగాడు, "సార్, సమస్య అన్నచోట నా సమస్య రాయనా?" అని. "అబ్బే, నువ్వేం రాయకు. మోడల్ కాపీ ఇస్తా, అదే ఎక్కించు" అన్నాడు సారు. ఆ మోడల్ కాపీ కూడా నేనే జిరాక్స్ తీశాను లెండి. సమస్య: మ్యాథ్స్ కష్టంగా ఉంది. సలహా: కష్టపడి చదవమని చెప్పడమైనది.

చెప్పడమైనదట! ఎవరు చెప్పారు, ఎవరు విన్నారు? ఆ పిల్లాడికి తన మెంటార్ ఎవరో ఇవాళ నా కౌంటర్ దగ్గర తెలిసింది.

ఆ సారుని తిట్టి లాభం లేదు. ఆయనకు జీతం ఎప్పుడు పడుతుందో ఆయనకే తెలియదు. వేసవి వస్తే అడ్మిషన్ల టార్గెట్ ఇచ్చి ఊళ్ల మీదకు తోలతారు, మిగతా కాలమంతా ఫైళ్లు. పాఠం చెప్పడానికి టైమ్ దొరికితే గొప్ప.

కాగితాల మీద మాత్రం మన దేశంలో ఫస్టియర్ పిల్లాడంత అదృష్టవంతుడు లేడు. కొత్తగా చేరినవాళ్లకు మూడు వారాలు ఇండక్షన్ ప్రోగ్రామ్ పెట్టాలని ఇంజనీరింగ్ కాలేజీలకు రూల్స్ పెట్టే ఏఐసీటీఈ ఏనాడో చెప్పింది. అందులో ఆటలున్నాయి, బొమ్మలేయడం, పాటలు పాడటం ఉన్నాయి, చుట్టుపక్కల ఊళ్లు చూపించడం ఉంది, చిన్న గుంపులుగా కూర్చుని మంచీచెడూ మాట్లాడుకోవడం ఉంది. యూనివర్సిటీలను చూసే యూజీసీ కూడా 2019లో దీక్షారంభ్ అని ఇలాంటిదే తెచ్చింది. చదువుతుంటే మళ్లీ కాలేజీలో చేరదామా అనిపిస్తుంది. మా చుట్టుపక్కల జరిగేది మటుకు మొదటిరోజు జ్యోతి ప్రజ్వలన, చైర్మన్ గారి ప్రసంగం, ఆయన బావమరిది ప్రసంగం. రెండోరోజు హైదరాబాద్ నుంచి మోటివేషన్ స్పీకర్. ఆయన లైట్లు తీయించి, కళ్లు మూసుకుని అమ్మానాన్నల్ని తలచుకోమంటాడు. హాలంతా బావురుమంటుంది. ఫోటో తీస్తారు, మర్నాడు జిల్లా పేజీలో వస్తుంది. మూడోరోజు టైమ్ టేబుల్ చేతిలో పెట్టి క్లాసుకు పొమ్మంటారు. ఏడవడం నేర్పించారుగా, ఇక సెమిస్టరంతా అదే పని.

2025 జులైలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉంటూ చనిపోయిన పిల్ల కేసులో. వందమంది, ఆ పైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలని, పరీక్షలప్పుడూ ఒక చదువు నుంచి ఇంకో చదువుకు మారేటప్పుడూ పిల్లల్ని చిన్న బ్యాచ్‌లు చేసి ఒక్కో మెంటార్‌కో కౌన్సెలర్‌కో అప్పగించాలని. దీనికి మన కాలేజీలు ఏం చేస్తాయో నేను చెప్పనా? ఇంకో ఫారం కొట్టిస్తాయి. నా దగ్గరే.

అసలు ఆ పిల్లలకు కావాల్సింది ఏంటో ఎవరికైనా పట్టిందా? ఎంసెట్‌లో, సరే ఇప్పుడు ఈఏపీసెట్ అనాలి, మూడు గంటల్లో 160 బిట్లు. నెగెటివ్ మార్కుల్లేవు, తెలియనిదానికి కళ్లు మూసుకుని ఏదో ఒకటి నొక్కొచ్చు. రెండేళ్లు అలా నొక్కీ నొక్కీ వచ్చినవాడికి ఇక్కడ ఒక్క లెక్కని పేజీన్నర రాయమంటారు. అడుగు అడుగునా ఎందుకలా చేశావో చూపించాలి. ఇంట్లో కంప్యూటర్ అన్నదే లేని పిల్లాడికి మొదటి ఏడాదే సీ లాంగ్వేజీ. పాయింటర్ అంటే ఏంటో తెలియకుండానే పాయింటర్ల ప్రోగ్రాం రికార్డులోకి ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కిస్తాడు, సీనియర్ రికార్డు చూసి. ఆ సీనియర్ ఆయన సీనియర్‌ది చూసి రాశాడు. తప్పు కూడా అదే తప్పు, నేను ఏటేటా జిరాక్స్ తీస్తుంటాను కదా, నాకు బాగా గుర్తు. ఇంజనీరింగ్ గ్రాఫిక్స్‌కి డ్రాఫ్టర్ కొనుక్కెళ్లి, బోర్డుకి ఎలా బిగించాలో తెలియక మళ్లీ నా దగ్గరికే తెస్తారు.

మొదటి మిడ్, అదే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష, దాని ముందురోజు వచ్చి చూడండి నా షాపు. "ఆంటీ, సీనియర్లు ఏ యూనిట్ ఎక్కువ తీయించుకున్నారు?" అని అడుగుతారు. బీటెక్ చదివే పిల్లాడు ఏది చదవాలో జిరాక్స్ ఆంటీని అడుగుతున్నాడండీ. నేను చెబుతాను కూడా. ఎవరూ చెప్పకపోతే ఏం చేస్తాను?

రూల్స్ కూడా నేనే చెబుతున్నాను. మిడ్ పోయిందని మొహం వేలాడేసుకుని వచ్చిన పిల్లకి, కాకినాడ జేఎన్‌టీయూ యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీల్లో రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం లెక్కేస్తారు, రెండోది గట్టిగా రాయి, సర్దుకుంటుంది అని చెబితే నా వైపు దేవతని చూసినట్టు చూసింది. ఇది చెప్పడానికి పీహెచ్‌డీ కావాలా? హాజరు 75 శాతం ఉండాలి, 65 దాకా ఫీజు కట్టి, కారణం చూపించి బయటపడొచ్చు, అంతకన్నా తగ్గితే డీటెయిన్, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. ఆఖరి విడత కౌన్సెలింగ్‌లో సీటొచ్చి ఆలస్యంగా చేరిన పిల్లాడికి ఇది డిసెంబర్‌లో చెబితే ఏం ఉపయోగం? పైగా మొదటి ఏడాది సబ్జెక్టులు ఎన్ని పోయినా హాజరుంటే రెండో ఏడాదిలో కూర్చోబెడతారు. ఇంట్లోవాళ్లు పాసయ్యాడనుకుంటారు. మూడో ఏడాదికి వెళ్లబోయే ముందు, పాసైన సబ్జెక్టులకు వచ్చే క్రెడిట్లు చాల్లేదని ఆపుతారు, అప్పుడు తండ్రి పొలం పని మానుకుని కాలేజీకొచ్చి హెచ్‌వోడీ గది బయట నిలబడతాడు. మీవాడికి శ్రద్ధ లేదండీ అంటారు లోపల ఏసీలో కూర్చున్నవాళ్లు.

ఇప్పుడు నా కడుపు మండిన అసలు సంగతి. నాక్ వాళ్లు ఇంకోటి కూడా అడుగుతారు, పిల్లల్లో వెనకబడినవాళ్లనీ చురుకైనవాళ్లనీ గుర్తించి వాళ్లకేం చేస్తున్నారు అని. మంచి ప్రశ్నే. మనవాళ్లు ఏం చేశారంటే మొదటి మిడ్ మార్కులు చూసి గీత గీసి, స్లో లెర్నర్స్ అని పెద్దక్షరాల్లో హెడ్డింగ్ పెట్టి, కింద రోల్ నంబర్లు, పేర్లతో సహా లిస్టు కొట్టి నా దగ్గరికి పంపారు. తెచ్చిన అటెండర్ ఒరిజినల్ మిషన్ అద్దం మీదే మర్చిపోయి వెళ్లాడు. తర్వాత వచ్చింది తెనాలి దగ్గర పల్లెటూరి పిల్ల, పది దాకా తెలుగు మీడియం. బోనఫైడ్ సర్టిఫికెట్ కాపీ కోసం మూత ఎత్తితే మూడో వరసలో తన పేరు. నన్ను ఏమడిగిందో తెలుసా? "ఆంటీ, ఇది ఇంటికి కూడా పంపిస్తారా?"

పోనీ, లిస్టు రాసినవాళ్లు ఆ పిల్లకి ఏమైనా చేశారా అంటే, చేశారు. రెమిడియల్ క్లాసులు పెట్టారు. ఆ టైమ్ టేబుల్ కూడా నేనే ప్రింట్ తీశాను. సాయంత్రం నాలుగున్నర నుంచి ఐదున్నర దాకా. కాలేజీ బస్సులు నాలుగుంపావుకే కదులుతాయి. తెనాలి వైపు వెళ్లే పిల్ల ఆ క్లాసుకు కూర్చుంటే ఇంటికెలా వెళ్తుందో టైమ్ టేబుల్ వేసిన మహానుభావుడు ఆలోచించాడా? అటెండెన్స్ షీటు మాత్రం నిండుగా ఉంటుంది. రెండు రంగుల పెన్నులున్నాయిగా.

ఈలోగా కింద కామెంట్లలోకి ఎవరో ఒకరు వస్తారు, "మా రోజుల్లో మాకెవరు చెప్పారండీ, మేం చదువుకోలేదా" అని. గుంటూరు బాబాయిగారూ, మీకే చెబుతున్నాను. సాయంత్రం బ్రాడీపేటలో లెక్చరర్ గారింటికి వెళ్తే వాళ్లావిడ కాఫీ ఇచ్చేదనీ, ఆయన అరుగు మీద కూర్చోబెట్టి లెక్కలు చెప్పేవారనీ మీరే పోయిన నెల పొడుగాటి పోస్ట్ పెట్టారు. దానికి లైకు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఈ పిల్లలకు అరుగూ లేదు, లెక్చరర్ గారి ఇల్లెక్కడో కూడా తెలియదు.

ఒక లెక్కల సారున్నాడు లెండి, అన్యాయంగా అందర్నీ ఒకే గాటన కట్టకూడదు. ప్రతి ఏడూ క్లాసులు మొదలైన వారంలో ఒక కాగితం తీయించుకుంటాడు, తన జేబులో డబ్బులతో. ఒకవైపు పూర్తిగా విడమరిచి చేసిన ఒకే ఒక్క లెక్క, పక్కన ఎర్ర సిరాతో ఏ మెట్టుకి ఎన్ని మార్కులో. రెండోవైపు ఇంటర్‌లో మర్చిపోకూడని ఫార్ములాలు, తన గది ఎక్కడుందో, ఏ పీరియడ్ ఖాళీగా ఉంటాడో. అంతే. ఆయన సెక్షన్ పిల్లలు మిడ్ ముందురోజు నా షాపులో తక్కువ కనిపిస్తారు, అంటే నా బేరం పాడుచేస్తున్నాడన్నమాట. ఆయన మెంటార్ ఫైలు ఖాళీగా ఉందని మొన్న మెమో ఇచ్చారు. ఆ మెమో జిరాక్స్ కూడా మన దగ్గరే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంజనీరింగ్ కాలేజీలను అంటున్నాను గానీ ఈ పిల్లల్ని ఇలా తయారుచేసి పంపింది ఎవరు? ఇంటర్ వాళ్లు. పిల్లాడు పదో తరగతిలో ఉండగానే అడ్మిషన్ల కోసం తిరిగే పీఆర్వోలు ఇంటి చుట్టూ ఈగల్లా ముసురుతారు. "సార్, మీకు ప్రత్యేకంగా కన్సెషన్." చేరాక తెల్లారకముందు నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, ఎదురుగా కుర్చీ వేసుకుని ఒక ఇన్‌ఛార్జి. ఏ పుస్తకం తీయాలో వాడే చెబుతాడు, ఎప్పుడు మూయాలో వాడే చెబుతాడు. తనంతట తాను కూర్చుని ఒక పేజీ చదవడం, అర్థం కానిచోట ఆగడం, ఎవర్నన్నా అడగడం, ఇవేవీ రెండేళ్లలో ఒక్కసారి కూడా చేయనివ్వరు. అడిగితే "టైమ్ వేస్ట్ చేయకు, మెటీరియల్లో ఉంది చూడు." అలాంటివాణ్ణి తీసుకొచ్చి బీటెక్‌లో వదిలేసి, నీ చదువు నువ్వే చదువుకో అంటే వాడెక్కడికి పోతాడు? సెల్‌ఫోన్లోకి పోతాడు. దానికి మళ్లీ తల్లిదండ్రుల పెంపకం బాగాలేదంటారు.

ర్యాంకు వస్తే బెంజి సర్కిల్లో ఫ్లెక్సీ. రాని వందలమంది ఫోటోలు ఏ ఫ్లెక్సీ మీదా ఉండవు, వాళ్లు కట్టిన ఫీజుతోనే ఆ ఫ్లెక్సీ వేస్తారు.

ఫ్లెక్సీ అంటే గుర్తొచ్చింది, ఇది చెప్పకుండా ఎలా ఊరుకుంటాను. ఒక ఇంటర్ కాలేజీ వాళ్లు నా దగ్గర ర్యాంకుల పాంప్లెట్లు, మెటీరియల్ బైండింగ్ చేయించుకుని బిల్లు ఎగ్గొట్టారు. కరోనాకి ముందు సంగతి. అడిగినప్పుడల్లా ఒక కథ. ప్రిన్సిపాల్ మారాడట, అకౌంటెంట్ మానేశాడట, బ్రాంచి వేరే బిల్డింగ్‌లోకి మారిందట, హెడ్డాఫీసు నుంచి అప్రూవల్ రావాలట. మా ఇంటాయన "పోనీలేవే, చదువు చెప్పేవాళ్లు" అన్నాడు. చదువు చెప్పేవాళ్లు! పిల్లాడు ఫీజు రెండు రోజులు ఆలస్యం చేస్తే క్లాసు బయట నిలబెట్టేవాళ్లు.

మొన్న మంగళవారం వాళ్ల దగ్గర్నుంచే ఫోన్. కొత్త మేనేజరట, మహా మర్యాదగా మాట్లాడాడు. "మేడమ్, ఇంజనీరింగ్ ఫస్టియర్‌లో పిల్లలు బాగా ఇబ్బంది పడుతున్నారు కదా. ఇంటర్‌కీ బీటెక్‌కీ గ్యాప్ ఉంటోంది. వాళ్ల కోసం మేం బ్రిడ్జ్ కోర్సు పెడుతున్నాం, ఎలా చదవాలో మేమే నేర్పిస్తాం. రెండువేల పాంప్లెట్లు కావాలి, రేటు కాస్త చూసి వేయండి" అన్నాడు.

పాత బిల్లు కట్టి రండి, అప్పుడు మాట్లాడదాం అన్నాను.

హెడ్డాఫీసుని అడిగి చెబుతాడట.