ఫోను ఒకరిది, అవసరం ఇంకొకరిది

మనుషులు మొబైల్ ఫోన్లను ఎలా వాడతారన్న పరిశోధనలపై వచ్చిన ఒక వ్యాసానికి ఇది నా స్పందన. ఆ పరిశోధనలు ప్రయోగశాల దాటి బయటికి రావాలన్న వ్యాసకర్త వాదనతో నేను ఏకీభవిస్తున్నాను; అయితే ఒక ఫోనుకు ఒక్క మనిషే ఉంటాడని వ్యాసం ఆసాంతం అనుకోవడం మాత్రం లోపంగా తోచింది. మొబైల్ వాడకాన్ని పరిశీలించే ఈ రంగపు తొలి సదస్సు 1998లో గ్లాస్గోలో జరిగిన నాటికి ఆ ఊహ సహజమే కావచ్చు. మొబైల్ డిజైన్ నిపుణుడు స్టీవెన్ హూబర్ 2013లో బహిరంగ ప్రదేశాల్లో 1,333 మందిని గమనించి, వారిలో తెరను తాకుతూ వాడుతున్నవారిలో 49 శాతం మంది ఫోనును ఒంటిచేత్తో పట్టుకున్నారని చెప్పిన పరిశీలన విలువైనదే గానీ, దూరం నుంచి చూసేవారికి ఆ ఫోను ఎవరిదో తెలియదు కదా.

పిల్లలు బెంగళూరులో పనిచేస్తుండగా పెద్దలు ఊళ్లో ఉండే ఇళ్లు మా అనంతపురం వైపు ఎన్నో ఉన్నాయి. తల్లి బ్యాంకు ఖాతాకు కొడుకు నంబరు జతచేసి ఉంటే ఓటీపీ అతనికి వెళ్తుంది, అతడు పనిలో ఉండి ఫోను ఎత్తేలోపు దాని గడువు ముగుస్తుంది. అక్కడ తెరమీది బొత్తం ఎంత పెద్దదో కొలిచి ప్రయోజనం లేదు.

ఒకరికంటే ఎక్కువమందికి పనికొచ్చే సాధనాలూ ఉన్నాయి. దుకాణాల్లో చెల్లింపు మొత్తాన్ని తెలుగులో బిగ్గరగా చెప్పే డబ్బా నిలదొక్కుకున్నదంటే, వ్యాపారి తక్కెడ వదిలి తెర చూడనక్కరలేకపోవడం, కొన్నవారికీ అదే మాట వినిపించడం అందుకు కారణాలని నా అభిప్రాయం. స్మార్ట్‌ఫోన్ కాని మామూలు ఫోన్ల నుంచి డబ్బు చెల్లించేందుకు 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ప్రారంభించిన యూపీఐ 123పే వంటి సేవలను పరీక్షించేటప్పుడైనా, అవసరం ఉన్నవారిని, చదివిపెట్టేవారిని, ఓటీపీ చెప్పేవారిని కలిపి కూర్చోబెట్టి గమనించాలని కోరుతున్నాను.