ఎండిన కాడలను తొలగించడానికి తొందర వద్దు
శీతాకాలం ముగియగానే ఎండిన కాడలనూ రాలిన ఆకులనూ పూర్తిగా తొలగించి, మట్టిని లోతుగా తిరగవేయాలని తోట పనులపై వచ్చిన వ్యాసంలో చేసిన సూచనతో నేను ఏకీభవించలేను. బోలుగా ఉండే కాడల్లో ఒంటరి తేనెటీగలు, ఆకుల పొర కింద అక్షింతల పురుగులు చలికాలమంతా తలదాచుకుంటాయి కాబట్టి, పగటి ఉష్ణోగ్రత కొన్నాళ్లపాటు వరుసగా 10 డిగ్రీల సెల్సియస్ దాటే వరకు ఆగితే, ఆ తేనెటీగలనూ, వసంతంలో లేత చిగుళ్లను పట్టే పేనుబంకను అదుపులో ఉంచే అక్షింతల పురుగులనూ మన చేతులతో మనమే పారేసినవాళ్లం కాము. నల్లమచ్చ తెగులు సోకిన గులాబీ ఆకులను మాత్రం వెంటనే ఏరివేయాల్సిందే. ఆ విషయంలో వ్యాసకర్త మాట నిజం. ఇక మట్టి సంగతికి వస్తే, పిడికెడు తీసుకుని గట్టిగా నొక్కినప్పుడు అది ముద్దగానే ఉండిపోతే తవ్వకూడదు, ఎందుకంటే తడి నేలను కదిలించినా, తొక్కినా గాలి ఆడే ఖాళీలు మూసుకుపోయి, ఆ తర్వాత నాటిన మొక్కల వేళ్లు లోపలికి దిగలేవు. నా తోటలో తవ్వడం మానేసి, బాగా చివికిన కంపోస్టును 3 నుంచి 5 సెంటీమీటర్ల మందాన పైన పరుస్తున్నాను. దానిని లోపలికి చేర్చే పనిని వానపాములే చూసుకుంటున్నాయి.