మా క్యూబుకు ఇంత బలం ఎక్కడిది?

బెంగళూరులో సర్జాపుర రోడ్డు పక్కన మేం కడుతున్న అపార్ట్‌మెంట్‌లో గత వారం ఒక ఘోరం జరిగింది. మూడో అంతస్తు స్లాబు క్యూబులు, అంటే స్లాబుకు పోసిన కాంక్రీటుతోనే బలం చూడ్డానికి పోసిన దిమ్మలు, 28 రోజుల టెస్టుకు వెళ్లి, చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల బలం చాలన్న చోట 47 తెచ్చాయి. నొక్కే మిషన్ ముల్లు 1,060 కిలోన్యూటన్ల దాకా పోతే గానీ క్యూబు పగల్లేదట. దీని మీద విచారణ జరగాలి. జరక్కపోగా సైట్లో మైసూర్‌పాక్ పంచారు.

అదే 20 వచ్చుంటే? కాంట్రాక్టరు, కన్సల్టెంటు, రెడీమిక్స్ ప్లాంటు మనిషి ఒకే గదిలో కూర్చుని ఒకరి గొంతు ఒకరు పట్టుకునేవాళ్లు. స్లాబుకు కోర్ కొట్టి ముక్క బయటికి తీసి చూడాలని ఒకరు, పైన కొట్టి చూసే సుత్తి టెస్టు చాలని ఇంకొకరు. 47 వచ్చేసరికి కాగితం ఫైల్లో పెట్టి దండం పెట్టుకున్నారు.

నేను పుట్టు అనుమానపు మనిషిని. నూటికి ఐదు కన్నా ఎక్కువ క్యూబులు 25 కిందికి జారకూడదని, ఎం25 కాంక్రీటుకు (25 బలం రావాల్సిన రకం) పాళ్లు లెక్కకట్టే మిక్స్ డిజైన్‌లోనే 31.6 మీద గురిపెడతారు. కాబట్టి 35 వస్తే మర్యాద, 40 వస్తే ఉత్సాహం. 47 వచ్చిందంటే ఎవరో ఏదో చేశారు. సిమెంటు దండిగా పోశారా? కాలమ్ ఎం40 క్యూబు స్లాబు పేరు రాయించుకుని వెళ్లిందా? 28 రోజులన్నది రెండు నెలల ముసలిదా? లేక ల్యాబ్ మిషన్‌కే మా మీద ప్రేమా?

అనంతపురం నుంచి వచ్చిన మా మేస్త్రిని అడిగాను. “అన్నంలో నెయ్యి ఎక్కువైందని విస్తరి ముందు నుంచి ఎవురన్నా లేస్తారా సార్?” అన్నాడు.

“సిమెంటు నెయ్యి కాదు మేస్త్రీ. ఎక్కువైతే లోపల వేడెక్కుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుని బీటలిస్తుంది. ఘనమీటరుకు 450 కిలోలు దాటాలంటే ఆ బీటల సంగతి ముందే చూసుకోమని మన దేశపు కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 లోనే రాశారు.”

అతను పుస్తకాల మనుషుల్ని చూసే చూపొకటి చూశాడు.

అసలు సంగతి క్యూబు పెంపకంలో ఉంది. అది మా సైటుకు కొత్తల్లుడు. నూనె రాసిన అచ్చు, మూడు పొరలు, పొరకు కడ్డీతో 35 పోట్లు, మర్నాటి నుంచి 27 డిగ్రీల నీళ్ల తొట్టిలో జలకాలాట. స్లాబేమో ఇంటి పెద్దకొడుకు. ఎండలో పడుకుని, ట్యాంకర్ వచ్చిన రోజు తడి గోనెసంచి, రాని రోజు పొడి గోనెసంచి.

ఇంకొకటి నా కళ్లారా చూశాను. రెడీమిక్స్ బండి రాగానే ల్యాబ్ కుర్రాడు తొలి తట్ట పట్టుకెళ్లి క్యూబులు పోసుకున్నాడు. అతను అటు తిరగ్గానే, కాంక్రీటు గట్టిగా ఉంది, పంపు పట్టేస్తోందని ఎవరో అరిచారు. డ్రమ్ములోకి పైపు పెట్టారు. నీళ్లు ఎక్కువైతే కాంక్రీటు బలం తగ్గుతుంది; ఎంత నీళ్లు పోశారో ఏ రిజిస్టర్‌లోనూ లేదు. 47 వచ్చింది నీళ్లు తాగని తట్టకి. మేం రేపు నడవబోయేది తాగినదాని మీద.

ఇదంతా విని మేస్త్రి నొచ్చుకున్నాడు. “దీనికింత టెన్షన్ ఎందుకు సార్? వచ్చే స్లాబుకు ఎంత రావాలో ముందే చెప్పండి, అంతే తెప్పిద్దాం.”