సవరణ: ఇంటివాళ్లతో నోడ్ పంచుకుంటే 24 పదాలు చాలవు

తిరుపతిలో ఇంట్లో నడిచే లైట్నింగ్ నోడ్‌ని (బిట్‌కాయిన్ చెల్లింపులు వేగంగా చేసే లైట్నింగ్ నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ని) ఎల్ఎన్‌బిట్స్ (ఒకే నోడ్‌పై చాలామందికి వేర్వేరు వాలెట్లు ఇచ్చే సాఫ్ట్‌వేర్) ద్వారా చిత్తూరు, పుత్తూరు బంధువులకు పంచడం గురించిన పోస్టులో "24 పదాలు రాసిపెట్టుకుంటే అందరి డబ్బూ భద్రం" అన్నాం. అది తప్పు. నమ్మినవాళ్లు ఈ రోజే సరిచేసుకోండి.

ఆ 24 పదాలు నోడ్ వాలెట్‌ని తిరిగి తెచ్చుకోడానికి ఇచ్చే రికవరీ పదాలు. ఎల్ఎన్‌డీలో (నోడ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వాటితో తిరిగొచ్చేది ఆన్‌చెయిన్ బిట్‌కాయిన్, అంటే మన వాలెట్‌కి నేరుగా బ్లాక్‌చెయిన్‌లో ఉన్నది మాత్రమే. ఛానెళ్లలో (రెండు నోడ్‌ల మధ్య సొమ్ము కట్టిపెట్టి తెరిచే చెల్లింపు దారుల్లో) ఉన్నదానికి 'ఛానెల్.బ్యాకప్' ఫైలు కావాలి. కొత్త ఛానెల్ తెరిచినప్పుడల్లా అది మారుతుంది, కాబట్టి తాజా కాపీ వేరే చోట ఉండాలి. దాంతో రికవర్ చేస్తే ఛానెళ్లు మూతపడి సొమ్ము ఆన్‌చెయిన్‌కి వస్తుంది, అదీ అవతలి నోడ్ ఆన్‌లైన్‌లో ఉంటేనే. ఛానెళ్ల లెక్కలు దాచే 'ఛానెల్.డీబీ' ఫైలు పాత కాపీని మాత్రం ఎప్పుడూ తిరిగి పెట్టొద్దు. ఇప్పుడు చెల్లని పాత లెక్క చూపించినట్టయి, ఆ ఛానెల్‌లోని సొమ్మంతా అవతలివాళ్లు పెనాల్టీ కింద తీసేసుకోవచ్చు.

అసలు మేం వదిలేసింది ఇంకొకటి. అత్తకు 20,000 సతోషీలు (బిట్‌కాయిన్‌లో అతి చిన్న భాగాలు), బావమరిదికి 5,000 అన్న లెక్క బ్లాక్‌చెయిన్‌లో ఎక్కడా ఉండదు, ఎల్ఎన్‌బిట్స్ డేటాబేస్‌లోనే ఉంటుంది. కరెంటు పోయి ఎస్‌డీ కార్డు పాడైతే, నోడ్‌లో డబ్బున్నా ఎవరిది ఎంతో తేలదు. ఆ డేటాబేస్‌కి ఎస్‌క్యూలైట్ (లెక్కలన్నీ ఫైళ్లలోనే దాచే రకం) వాడుతుంటే ఎల్ఎన్‌బిట్స్ సర్వీసు ఆపి, దాని డేటా ఫోల్డర్ మొత్తం రోజూ కాపీ తీయండి.

వాలెట్ లింకు వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపులో పెట్టొద్దు. పాస్‌వర్డ్ లేకుండా యూజర్ ఐడీతోనే తెరిచే ఏర్పాటైతే, ఆ లింకు చేతికొచ్చిన ఎవరైనా ఖర్చు పెట్టేయగలరు.