లాగిన్ భారం వాడేవాళ్ల మీద వేయకండి

2022 జూన్. చిత్తూరు దగ్గర ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీ నుంచి ఫోన్. తోతాపురి సీజన్, గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. "నాయనా, మెయిల్ పోవడం లేదు. పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నానే!" అన్నారు అకౌంట్స్ చూసే పెద్దాయన. తూకం పడగానే వేబ్రిడ్జి చీటీ మెయిల్‌లో హెడ్డాఫీసుకు పోవాలి. అక్కడ చూసుకున్నాకే రైతుకు డబ్బు. ఆ ప్రోగ్రామ్ రాసింది నేనే, ఒక ఓపెన్ సోర్స్ మెయిల్ లైబ్రరీ (ఎవరైనా చూసి వాడుకోగల రెడీమేడ్ కోడ్) మీద.

చూస్తే 535 ఎర్రర్, అంటే మెయిల్ సర్వర్ లాగిన్‌ను ఒప్పుకోలేదు. ఆయన పాస్‌వర్డ్‌లో తప్పేమీ లేదు. మే 30 నుంచి జీమెయిల్ ఇలాంటి ప్రోగ్రాములను మామూలు పాస్‌వర్డ్‌తో రానివ్వడం ఆపేసింది. అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ కూడా అదే బాట పట్టింది. మంచి పనే చేశారు. ఎక్కడ పడితే అక్కడ ఫైళ్లలో పాస్‌వర్డ్ పడి ఉండటం ప్రమాదమే.

ఆ రోజు తొందరలో 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ (ఇలాంటి ప్రోగ్రాముల కోసం గూగుల్ విడిగా ఇచ్చేది) తీసి పెట్టాను. వారం తర్వాత వెళ్తే అదే పాస్‌వర్డ్ మానిటర్ అంచున టేపు వేసి అంటించి ఉంది, నీలం ఇంకుతో, నాలుగేసి అక్షరాలుగా. పక్కనే కిటికీ, చీటీల కోసం డ్రైవర్లు నిలబడేది అక్కడే. ఆ కాగితం ఎవరి చేతిలో పడినా మెయిల్ పెట్టె మొత్తం వాళ్లదే. పెద్దాయన్ని ఏమనగలం? మళ్లీ అడిగితే చెప్పేవాళ్లు ఉండరని రాసి పెట్టుకున్నారు.

దీనికి సరైన మార్గం ఓఆత్ 2.0, అంటే ప్రోగ్రామ్ చేతికి పాస్‌వర్డ్ ఇవ్వకుండా టోకెన్ అనే తాత్కాలిక అనుమతి చీటీ ఇచ్చే పద్ధతి. ఆ ప్రమాణం 2012లోనే వచ్చింది. మా లైబ్రరీ మాత్రం "టోకెన్ ఇస్తే తీసుకుంటాం, తెచ్చుకోవడం మీ పని" అంటుంది. అసలు కష్టమంతా ఆ తెచ్చుకోవడంలోనే ఉంది. జీమెయిల్ టోకెన్ సుమారు గంటకే చెల్లిపోతుంది. కొత్తది తేవాలంటే రిఫ్రెష్ టోకెన్ కావాలి, దాన్నీ తాళంచెవిలా భద్రంగా దాచాలి. గూగుల్ దగ్గర మీ యాప్ ఇంకా టెస్టింగ్ దశలోనే ఉంటే ఆ రిఫ్రెష్ టోకెన్‌కూ 7 రోజులే గడువు. సోమవారం నడిచింది మళ్లీ సోమవారానికి ఆగిపోతుంది, ఎందుకో అర్థం కాదు. ఇదంతా లైబ్రరీయే చూసుకోవాలి కానీ, ప్రతి ఒక్కరూ విడివిడిగా రాసుకోవాలా? అలిపిరి దగ్గర ఎవరి మెట్లు వాళ్లే చెక్కుకుని ఎక్కాలంటే కొండ మీదికి ఎంతమంది చేరతారు?

లైబ్రరీ కోడ్ అందరికీ కనిపిస్తుంది కదా, యాప్ రహస్యం (యాప్ తానెవరో గూగుల్‌కు చూపించే కీ) ఎక్కడ దాస్తారని ఒక అభ్యంతరం. దానికి 2015లోనే పిక్సీ అనే పద్ధతి వచ్చింది. లాగిన్ అయిన ప్రతిసారీ ప్రోగ్రామ్ ఒక కొత్త రహస్యం పుట్టించి, ముందు దాని హ్యాష్ (దాన్నుంచి అసలు రహస్యం తిరిగి రాబట్టలేని గుర్తు) మాత్రమే పంపుతుంది. టోకెన్ అడిగేటప్పుడు అసలుది చూపిస్తుంది. లాగిన్ అయ్యాక టోకెన్ కోసం వచ్చే కోడ్‌ను మధ్యలో ఎవరైనా కొట్టేసినా, ఆ రహస్యం లేకుండా టోకెన్ రాదు.

లైబ్రరీని చూసుకునే మెయింటెయినర్లు ఇద్దరే, జీతం లేని పని. వాళ్ల మీద ఇంకో బరువు పెట్టడం నాకూ ఇష్టం లేదు. అందుకే కావాల్సినవాళ్లు మాత్రమే కలుపుకునేలా విడి మాడ్యూల్‌గా ప్యాచ్ (లైబ్రరీకి చేర్చే కోడ్) రాసి వాళ్లకు పంపాను. రెండు ప్రోగ్రాములు ఒకేసారి టోకెన్ మార్చబోతే ఏమవుతుందో చూసే టెస్టులు రాస్తున్నాను. తిరుపతి, చిత్తూరు వైపు ఇలాంటి మెయిల్ ప్రోగ్రాములు నడిపేవాళ్లు ఉంటే కామెంట్‌లో చెప్పండి, ప్యాచ్ పంపుతా. సీజన్ మొదలయ్యేలోపు ఒక వారం పైన ఆపకుండా నడిపి, ఎక్కడ ఆగిందో చెబితే చాలు.